చక్కెర వెంట నీళ్లు

బెంగాల్ సరిహద్దు, శరణార్థుల క్యాంపు
12 సెప్టెంబర్ 1971

రాధా,

కవరు మీద బెంగాల్ ముద్ర చూసి పరేషాన్ కాకు. నేను మంచిగనే ఉన్న. హైదరాబాద్‌ల మా దవాఖాన నుంచి నర్సులం ఆరుగురం ఇక్కడికి వచ్చినం. అమ్మీకి మాత్రం కలకత్తాల ట్రైనింగ్ అని చెప్పిన. నువ్వు బోధన్ పోయినప్పుడు మా ఇంట్ల అడుగుతే గదే మాట చెప్పు. నిజం తెలిస్తే లతీఫ్ అన్నను రైలెక్కించి నన్ను పట్టుకరమ్మంటది.

నువ్వుండేది కూడా క్యాంపే గదా. మీ వాళ్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ పక్కన భూములు కొని కట్టుకున్నరు, దాన్ని ఇప్పటికీ క్యాంపనే పిలుస్తరు. ఇక్కడి క్యాంపు వేరే. మోకాలు లోతు బురద, పైన చిల్లులు పడ్డ గుడారం. సరిహద్దు దాటి జనం రోజూ వస్తనే ఉన్నరు, వాళ్లతోటి కలరా వచ్చింది. నేను దవాఖానల చావులు చూసిన రాధా, కానీ ఇట్ల చూడలె. పొద్దుగాల మాట్లాడిన మనిషి పొద్దుగూకే వరకు లేడు.

నరానికి ఎక్కించే సెలైన్ సీసాలు అయిపోయినయి. అప్పుడు మా పెద్ద డాక్టరు ఒక మాట అన్నడు. ఉప్పు, గ్లూకోజు చక్కెర, తినే సోడా నీళ్లల్ల కలిపి నోటితోనే తాపుండ్రి అన్నడు. నేను నమ్మలె. కడుపుల నీళ్లు నిలుస్తలేవనే గదా వీళ్లు సస్తున్నరు, మల్ల నీళ్లే పోస్తే ఏం లాభం అనుకున్న. డ్రమ్ముల కలిపి నల్లా బిగిచ్చి పెట్టిన్రు. చుట్టాలే చెంచాలతోటి వాళ్ల మనుషులకు తాపుతున్నరు.

ఒక ముసలామె ఉండె. కండ్లు లోపటికి పోయినయి, చేతి మీద చర్మం పట్టి లాగితే లేచింది లేచినట్టే ఉన్నది, నాడి సన్నగ కొట్టుకుంటున్నది. ఆమె బిడ్డ పొద్దంత ఆ నీళ్లే పోసింది. సాయంత్రం నేను పోయేసరికి ముసలామె లేచి కూసొని నన్ను తిడుతున్నది. బెంగాలీల ఏమంటున్నదో నాకు తెల్వదు. పక్కనున్నోళ్లు నవ్వవట్టిన్రు. “ఈ నీళ్లు ఏం రుచి లేవు, చాయ్ తెమ్మంటున్నది” అని నాకు హిందీల చెప్పిన్రు. నాకు నవ్వు రాలె, ఏడుపొచ్చింది.

గిది నీకు ఎందుకు రాస్తున్ననో నీకు తెలుసు. ఒక లీటరు కాచిన నీళ్లకు చిన్న చెంచతోటి ఆరు చెంచాల చక్కెర, అర చెంచ ఉప్పు. తలగొట్టి కొలువాలె, కుప్పగ కాదు. కలిపినంక నాలిక మీద వేసుకొని చూడు. కన్నీళ్ల కంటె ఉప్పగ ఉండొద్దు. ఇంట్ల యాదికి పెట్టుకో.

నీ జకియా

✻

కోటగిరి దగ్గర, మా క్యాంపు
8 అక్టోబర్ 1971

జకియా,

నీ ఉత్తరం చేరింది. మీ ఇంటికి వెళ్లి ట్రైనింగ్ అనే చెప్పాను. మీ అమ్మగారు హుసేన్ బీ నన్ను కూర్చోబెట్టి సేమ్యా పెట్టి, “ట్రైనింగ్‌ల అన్నం మంచిగ పెడతరా బిడ్డా?” అని అడిగారు. పెడతారన్నాను. అబద్ధం నీది, దాన్ని మోసేది నేను.

ఇక్కడ అంతా మామూలే. మా చిట్టి పట్టుకుని నిలబడుతోంది. ఇంకో నెలలో చెరకు నరుకుడు మొదలవుతుంది, మహారాష్ట్రలో దెగ్లూరు వైపు నుంచి కూలీలు వచ్చి కాలువ గట్టున గుడిసెలు వేసుకుంటారు. మా మావయ్యగారికి నీ పంచదార నీళ్ల సంగతి చెప్పాను. ఆయన చెంచురామయ్యగారు కదా, ఊరికే వదలరు. “అలాగైతే బోధన్ పంచదార ఫ్యాక్టరీ పక్కన పుట్టిన మన పిల్లలకి రోగమే రాకూడదే” అని నవ్వారు. మా ఆయన బ్రహ్మానందం గారు కూడా నవ్వారు.

నేను నవ్వలేదు. మా తోటికోడలు సుబ్బరత్నం అక్క ఆ గదిలోనే ఉంది, అందుకని మాట మార్చేశాను. రెండేళ్ల కిందట ఆమె బాబు వాంతులూ విరేచనాలతో పోయాడు కదా. కడుపు ఎండగట్టాలని అందరూ అన్నారు. డాక్టరు వచ్చేదాకా చుక్క నీరు ఇవ్వలేదు. వాడు నీళ్లు నీళ్లు అని అడుగుతూనే ఉన్నాడు. నువ్వు రాసింది ఆమెకి ఎలా చూపించను? ఉత్తరం బియ్యం డబ్బాలో దాచాను.

ఒక్క సంగతి నాకు అర్థం కావటం లేదు. వట్టి నీళ్లు పోస్తే బయటికి పోతాయి, పంచదార, ఉప్పు కలిపితే నిలుస్తాయి. ఎందుకని? పంచదార బలమిస్తుందని చెప్పి తప్పించుకోకు. బళ్లో సైన్సులో నీకంటే నాకే ఎక్కువ మార్కులు వచ్చేవి. సరిగ్గా చెప్పు.

రాధ

✻

క్యాంపు
20 నవంబర్ 1971

రాధా,

మార్కులు నీకే ఎక్కువ వచ్చేవి, ఒప్పుకుంటున్న. పెద్ద డాక్టరును మూడుసార్లు అడిగి, అర్థమైనంక రాస్తున్న.

పేగు లోపటి దిక్కు సన్నటి పొర ఉంటది. ఆ పొర అంత కణాలే, ఇటుకలు పేర్చినట్టు. ప్రతి కణానికి చుట్టు గోడ, ఆ గోడకు దర్వాజలు. ఏది పడితే అది లోపటికి రాదు. ఉప్పు వచ్చేటందుకు ఒక దర్వాజ ఉన్నదట. ఆ దర్వాజ ఉప్పు ఒక్కతే వస్తే తెరుచుకోదు, చక్కెర ఒక్కతే వస్తే తెరుచుకోదు. రెండు కలిసి వస్తేనే రెంటినీ లోపటికి తీసుకుంటది. అవి లోపటికి పోతే నీళ్లు వాటి వెంట పోతయి. నీళ్లను ఎవరూ పిలువరు, ఉప్పు ఎక్కువున్న దిక్కుకు అవే నడుస్తయి.

కలరా విషం ఏం చేస్తదంటే ఇంకో దర్వాజను తెరిచి పెడ్తది. కణాలల్ల నుంచి ఉప్పు బయటికి కారుతది, దాని వెంట ఒంట్ల నీళ్లన్ని పోతయి. కానీ నేను చెప్పిన చక్కెర దర్వాజను ఆ విషం ముట్టలేదు. మనిషి చావు దగ్గరికి పోయినా అది పని చేస్తనే ఉంటది. మనం ఆ దర్వాజ నుంచి తాపుతున్నం, గంతే.

ఇగ నువ్వు అడుగుతవు, లోపటికి వచ్చిన ఉప్పు అక్కడ్నే కూసుంటదా అని. కూసోదు. కణం దాన్ని అటుపక్క నెత్తురు దిక్కు తోడిపోస్తది. తోడుడుకు బలం గావాలె. మన ఫ్యాక్టరీ తన చెరకు పిప్పిని తనే కాల్చుకొని ఇంజను నడిపిస్తది చూడు, అట్ల కణం చక్కెరను జర జర కాల్చుకుంటది. మంట ఉండదు, పొగ ఉండదు. గా బలంతోటే తోడుతది.

ఆఖరుది నాకు అన్నిటికంటె నచ్చింది. విషం తగిలిన కణాలు ఎప్పటికీ ఉండవు. పేగు పొరల చిన్న చిన్న గుంటలున్నయి, వాటి అడుగున కణం ఒకటి రెండైతది, రెండు నాలుగైతయి. విడిపోయే ముందు లోపటి దారాల వంటివాటికి నకలు తీసి, సరిసమానంగ పంచుకుంటయట, ఒక్క పోగు తక్కువ కాకుండ. కొత్తయి పైకి జరుగుతుంటె పాతయి రాలిపోతయి. నాలుగైదు దినాలల్ల పొర అంత కొత్తదే. రోగం తనంతట తనే పోతది రాధా. అప్పటిదాక మనిషి ఎండిపోకుండ ఆపుడే మన పని.

ఇక్కడ యుద్ధం వస్తదంటున్రు. ఉత్తరాలు ఆగుతయేమో. అమ్మీ అడుగుతే ట్రైనింగ్ పెంచిన్రని చెప్పు.

జకియా

✻

కోటగిరి దగ్గర, మా క్యాంపు
19 ఫిబ్రవరి 1972

జకియా,

ఎక్కడున్నావు? యుద్ధం అయిపోయి రెండు నెలలు దాటింది. నీ దగ్గర నుంచి ముక్క లేదు. మీ అమ్మగారు రెండుసార్లు బోధన్ నుంచి బండి కట్టుకుని వచ్చి వెళ్లారు. ఇది పాత అడ్రసుకే రాస్తున్నాను. మీ లతీఫ్ అన్న చెరకు లారీ గేటు దగ్గర ఆగి ఉంది, పోస్టు చేస్తానన్నాడు.

ఇక్కడికి కలరా వచ్చింది. కాలువకి నీళ్లు ఆపేశారు, గుడిసెల్లో వాళ్లు తూము కింద నిలిచిన మడుగు నీళ్లు తాగారు. మంగళవారం ఇద్దర్ని బండిలో వేసుకుని బోధన్ ఆసుపత్రికి బయల్దేరితే ఒకాయన దారిలోనే పోయాడు. నిన్న పొద్దున భీమవ్వ పడిపోయింది. భీమవ్వంటే కోతకొచ్చిన ఆడవాళ్లందరికీ పెద్ద, గొంతు ఎత్తితే మా మావయ్యగారు కూడా పక్కకి తప్పుకుంటారు. నేను వెళ్లేసరికి ఆమె గొంతులో మాట లేదు.

బియ్యం డబ్బాలోంచి నీ ఉత్తరం తీశాను. నీళ్లు కాచి కలిపాను. నాలిక మీద వేసుకుని చూశాను. భీమవ్వ తల నా ఒళ్లో పెట్టుకుని పోస్తూ కూర్చున్నాను. మొదట కక్కేసింది. “గిప్పుడు ఈ నీళ్లెందుకు దొరసానీ, నన్ను ఇడిసిపెట్టు” అంది. విడిచిపెట్టలేదు. సాయంత్రానికి చెయ్యి వెచ్చబడింది. ఇవాళ పొద్దున తనే చెంబు అందుకుంది. జకియా, ఆ దర్వాజ నిజంగానే తెరుచుకుంది!

మావయ్యగారు నాతో మాట్లాడటం లేదు. “ఇంట్లో పసిపిల్లని పెట్టుకుని ఆ గుడిసెల్లోకి ఎందుకెళ్లావు?” అన్నారు. చేతులు సబ్బుతో కడుక్కునే వచ్చాను, చీర మార్చుకునే ఎత్తుకున్నాను. అయినా మా పాలేరు కూడా ఆ మడుగు నీళ్లే...

చిట్టికి వాంతయింది. సుబ్బరత్నం అక్క పిలుస్తోంది. లతీఫ్ అన్న హారన్ కొడుతున్నాడు. ఇదిలాగే ఇచ్చేస్తున్నాను.

✻

కలకత్తా
1 మార్చి 1972

రాధా,

నీ కాగితం క్యాంపు ఆఫీసుకు పోయి, అక్కడి నుంచి తిరిగి తిరిగి ఇవ్వాళ నా చేతికొచ్చింది. ఆఖరు ముక్క చదివిన వెంటనే కలం పట్టిన. ఈ ఉత్తరం నీకు అందే వరకు ఏదో ఒకటి అయిపోయే ఉంటది, నాకు తెలుసు. అయినా రాయకుండ ఉండలేను.

తల్లిపాలు తాగుతుంటె ఆపకు. వాంతి చేసుకుంటె జరసేపు ఆగి మల్ల మొదలుపెట్టు, ఒక్కో చెంచ. ఒక్కసారే గ్లాసు ఎత్తి పొయ్యకు. ఉప్పు ఎక్కువ పడితే పారబోసి మల్ల కలుపు, పసిపిల్లకు ఉప్పు ఎక్కువైతే ఖతర్నాక్. పిల్ల ఏడ్చినప్పుడు కన్నీళ్లు వస్తున్నయా చూడు. మూత్రం పోస్తున్నదా చూడు. మత్తుగ ఉండి మింగకపోతే చెంచ పక్కన పెట్టి దవాఖానకు తీస్కపో, బలవంతంగ గొంతుల పొయ్యకు.

నేను రాయకపోవుడుకు కారణం ఉన్నది. డిసెంబర్‌ల నాకు కామెర్లు వచ్చినయి. కండ్లు, గోర్లు పసుపు పచ్చగైనయి. యాభై దినాలు మంచం మీదున్న, కలం పట్టే తాకత్ లేకుండె. ఇప్పుడు నడుస్తున్న. ఇక్కడ రోజూ నాకు చెరకు రసం తాపుతున్రు, బోధన్ పిల్లకు కలకత్తాల చెరకు రసం! అమ్మీకి చెప్పకు, నీ కాళ్లు మొక్కుత.

తార్ కొట్టు. ఒక్క మాట చాలు. లేకపోతే ఉత్తరం రాయి. ఏదైనా రాయి.

జకియా

✻

కోటగిరి దగ్గర, మా క్యాంపు
10 మార్చి 1972

జకియా,

చిట్టి బతికింది.

నువ్వు చివరిదాకా వెతుక్కోకూడదని ముందే రాసేశాను. టెలిగ్రాం కూడా ఇచ్చాను, ఈపాటికి అందే ఉంటుంది. ఇప్పుడు నింపాదిగా చెబుతాను.

ఆ రోజు లోపలికి పరిగెత్తేసరికి రెండో వాంతి అయింది, ఆ వెంటనే బియ్యం కడిగిన నీళ్లలాగా విరేచనం. మా ఆయన డాక్టరు కోసం ట్రాక్టరేసుకుని వెళ్లారు. మధ్యాహ్నానికి పిల్ల ఏడుస్తోంది కానీ కంట్లో తడి లేదు, పొద్దున్నుంచి ఉచ్చ కూడా పోయలేదు. నీళ్లు కలిపాను. చెంచా నింపాను. భీమవ్వకి అంతసేపు పోసిన చెయ్యి, నా పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆడలేదు జకియా. మావయ్యగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

“ఇక ఏమీ పొయ్యకమ్మా. పోసిన కొద్దీ పోతుంది. కడుపు ఎండితేనే కట్టుకుంటుంది” అన్నారు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు అన్నారు.

నేను నీ దర్వాజలూ కణాలూ అన్నీ చెప్పబోయాను.

అంతలో సుబ్బరత్నం అక్క నా చేతిలో చెంచా తీసుకుంది. “మావయ్యా, మా వాడు నీళ్లడిగాడు” అంది. ఈ రెండేళ్లలో ఆమె ఆ సంగతి ఎత్తటం అదే మొదలు. “ఆ రోజు మనలో ఎవరికీ తెలీదు. మీకూ తెలీదు, నాకూ తెలీదు. నేను ఎవర్నీ అనటం లేదు. ఇప్పుడు రాధకి తెలుసు. నేను గుడిసెల దగ్గరికి వెళ్లి నా కళ్లతో చూసొచ్చాను. భీమవ్వ లేచి గంజి కాచుకుంటోంది. ఈ పిల్లకి లేదనకండి.”

మావయ్యగారు వచ్చి చాప మీద కూర్చుని, పిల్లని తన ఒళ్లో పడుకోబెట్టమని చేతులు చాపారు.

అక్క పోసింది. చిట్టి కక్కింది. ఆగి మళ్లీ పోసింది. నేను పాలిచ్చాను, మళ్లీ చెంచా. డాక్టరు సాలూరా వైపు వెళ్లాడని మా ఆయన ఖాళీ చేతులతో తిరిగొచ్చారు. వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఎండ అరుగు దిగిపోతుండగా మావయ్యగారు ఉలిక్కిపడి కిందికి చూసుకున్నారు. తెల్లటి పంచె, నీకు తెలుసుగా, ఆ పంచె మీద మట్టి చుక్క పడితే ఇల్లు పీకి పందిరేస్తారు. అది మోకాలి దాకా తడిసిపోయింది.

“పోసింది!” అని అరిచారు. “అమ్మాయ్, పిల్ల ఉచ్చ పోసిందే!”

నేను ఎత్తుకోబోతే, “ఉండనీ, కదిలించకు” అన్నారు. ఆ తడి పంచెతోనే చీకటి పడేదాకా కూర్చున్నారు. మధ్యమధ్యలో తనే చెంచా అందుకుని పోశారు. మర్నాడు డాక్టరు వచ్చి చూసి, ఇలాగే పోస్తూ ఉండండి అని మందు రాసి ఇచ్చి వెళ్లాడు.

మూడో రోజు మావయ్యగారు చెప్పాపెట్టకుండా బెల్లం వండే పెద్ద పెనాన్ని గుడిసెల దగ్గరికి దొర్లించారు. పిప్పి మంట మీద అందులో నీళ్లు కాచారు. ఎవరూ మడుగు నీళ్లు తాగకూడదు, ఇవే తాగాలి అన్నారు. భీమవ్వ పక్కన నిలబడి, మరాఠీలో కొంతా తెలుగులో కొంతా అరుస్తూ అందరి చేతా తాగించింది. పడిపోయిన వాళ్లకి కలిపి పోయడానికి పంచదార బస్తా మా ఇంట్లోదే. ఆ తర్వాత పడిపోయిన వాళ్లలో ఒక్కరు కూడా పోలేదు. టీకాలు వేసేవాళ్లు కూడా వచ్చి వెళ్లారు. కాలువ వదిలారు. కోత మళ్లీ మొదలైంది.

అన్నీ సర్దుకున్నాక నీ మొదటి ఉత్తరాలు రెండూ సుబ్బరత్నం అక్క చేతిలో పెట్టాను. బావి దగ్గర కూర్చుని చదివింది. ఎందుకు ఇన్నాళ్లు దాచావని అడగలేదు. గట్టిగా ఏడ్చింది. బాబు పోయిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు. నేను పక్కన కూర్చున్నాను. ఏడ్చి ఏడ్చి ముఖం కడుక్కుని, “వాడికి కోడిపిల్లలంటే ఇష్టం, నీకు గుర్తుందా?” అంది. అప్పటినుంచీ వాడి కబుర్లు చెబుతూనే ఉంది. ఇంట్లో వాడి పేరు మళ్లీ వినబడుతోంది.

ఇంకొకటి. నువ్వు నన్ను తిడతావు. నీ కలకత్తా ఉత్తరం లతీఫ్ అన్న తెచ్చినప్పుడు మీ అమ్మగారు కూడా లారీలో వచ్చారు. చదివి వినిపించమన్నారు. కామెర్ల దగ్గరికి వచ్చి దాటేశాను.

“ఆగినవు. ఏం మింగినవు బిడ్డా?” అన్నారు.

“ఏం లేదు పిన్నీ.”

“నా బిడ్డ ట్రైనింగ్‌ల లేదని నాకు ఎరుకే. ట్రైనింగ్‌ల ఉన్నోళ్లు పండుగకు ఉత్తరం రాయకుండ ఉంటరా? మంచిగున్నదా, లేదా, అది చెప్పు.”

ఇక దాచలేదు, అంతా చదివేశాను. ఆమె కళ్లు మూసుకుని దువా చేసుకున్నారు. తర్వాత చిట్టిని ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నారు. “బతికే ఉన్నది గద. రానీ. కొట్టేదుంటే నేనే కొడత” అని నవ్వారు.

త్వరగా రా.

రాధ

✻

హైదరాబాద్
4 ఏప్రిల్ 1972

రాధా,

తార్ కలకత్తాలనే అందింది. “పాప క్షేమం” అని రెండే మాటలు. ఆ కాగితం పట్టుకొని వార్డు అంత తిరిగిన. ఉత్తరం మాత్రం నా వెనక హైదరాబాదుకు వచ్చి, ఇవ్వాళ పొద్దుగాల హాస్టల్‌ల దొరికింది.

నేను నీకు ఒక సంగతి రాయలె. క్యాంపుల శానా మంది బతికిన్రు. కానీ డ్రమ్ములు రాక ముందు పోయినోళ్లు ఉన్నరు గదా, నేను వాళ్లనే లెక్కపెట్టుకుంట పండిన. కామెర్లు తగ్గినంక కూడా నోటికి ఏం సయించలె. అన్నం పళ్లెం పక్కకు నూకేదాన్ని. డాక్టరు లివర్ మంచిగైంది, తినాలె అంటడు. తినబుద్ధి కాదు. చక్కెర కాల్చుకొని కణం బలం తెచ్చుకుంటదని నీకు రాసిన మనిషినే, ఒక రొట్టె ముక్క మింగలేకపోయిన.

ఇవ్వాళ నీ ఉత్తరం మెట్ల మీద కూసొని చదివిన. సుబ్బరత్నం అక్క మాట దగ్గర ఆగి, మల్ల చదివిన. చెంచురామయ్య గారి పంచె దగ్గరికి వచ్చేవరకు నవ్వు మొదలైంది. ఆగలె. హాస్టల్ ఆయమ్మ శ్యామలమ్మ పరుగెత్తుకొచ్చి “ఏమైంది జకియమ్మా, ఏమైంది?” అంటున్నది. “పిల్ల ఉచ్చ పోసింది” అన్న. ఆమె నా దిక్కు ఎట్ల చూసిందో నువ్వే అనుకో.

అమ్మీకి చెప్పినందుకు నిన్ను తిట్టను. చెప్పి నా నెత్తి మీది బరువు దించినవు. సెలవు దొరికింది. శుక్రవారం రైలుకు నిజామాబాద్‌ల దిగుత, లతీఫ్ అన్నను రమ్మను. ముందు అమ్మీ చేతి దెబ్బలు తిని, ఆనక మీ క్యాంపుకు వస్త. భీమవ్వ వాళ్లు పోకముందే వస్త.

నవ్వుడు అయిపోయినంక అక్కడ్నే కూసున్న. వంటింట్ల నుంచి రొట్టె కాలే వాసన వచ్చింది. నాలుగు నెలల సంది ఆ వాసనకు ముఖం తిప్పుకున్న దాన్ని. ఇవ్వాళ లేచి వంటింట్లకు పోయిన. రెండు రొట్టెలు తిన్న. శ్యామలమ్మ చూస్తనే ఉన్నది. ఇంకోటి వెయ్యమన్న.

నీ జకియా